ఎడారి చూడాలంటే ముందు ఓసియాన్‌లో రైలు దిగండి

మాది అనంతపురం జిల్లా, రాయదుర్గం వైపు. బళ్లో సోషల్ పాఠం వచ్చినప్పుడల్లా మా అయ్యవారు ఒక మాట చెప్పేవారు. దేశంలో అన్నిటికంటే తక్కువ వాన పడేది రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో, దాని తర్వాత మన దగ్గరే అని. ఆ మాట వింటూ పెరిగినవాళ్లకి జైసల్మేర్ టూరిస్టు ఊరులా అనిపించదు, మనకంటే ముందు కష్టం చూసిన పెద్దన్నలా అనిపిస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ దగ్గర హగరి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి. గాలికాలంలో ఆ ఇసుక లేచి చేల మీద పడుతుంటే, "ఇది ఎడారైపోతాదిరా, పిల్లోల్లు యాడన్నా పోయి బతుక్కోండి" అని పెద్దవాళ్లు అనేవాళ్లు. ఎడారి అంటే మా ఊళ్లో శాపనార్థం.

అందుకే ఎడారిని ఒకసారి కళ్లారా చూడాలని ఎన్నాళ్లుగానో ఉంది. మొన్న జనవరిలో అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. జోధ్‌పూర్ నుంచి రైల్లో మూడు రోజులు తిరిగాం. 2025 జూలై నుంచి కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనే ఉన్న భగత్ కీ కోఠీకి రోజూ రైలుంది కాబట్టి మనవాళ్లకి ఈ ప్రయాణం మునుపటంత కష్టం కాదు. కానీ నాకు తెలిసినవాళ్లలో చాలామంది వెళ్లే పద్ధతి వేరు. నేరుగా జైసల్మేర్‌లో దిగుతారు, కారులో సమ్ దిబ్బలకు పోతారు, ఒంటె ఎక్కి ఫోటో దిగుతారు, రాత్రి గుడారంలో పాటలు, డాన్సులు చూసి తెల్లారి బయల్దేరతారు. అక్కడున్నది ఇసుకే కదా, ఒక్కరోజు చాలు అని నాకూ చెప్పారు. వాళ్లు ఎడారి చూడలేదని నేనంటాను. తప్పుగా అనుకోకండి, ఎందుకంటున్నానో చెప్తాను.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కి పట్టాల మీద సుమారు మూడొందల కిలోమీటర్లు. పొద్దున బయల్దేరే రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే అంతకంటే మంచి పాఠం లేదు. స్టేషన్లో మిర్చీ వడ కొన్నాం. మన మిరపకాయ బజ్జీయే, లోపల బంగాళదుంప కూర ఉంటుంది, ఒకటి తింటే పూటకి సరిపోతుంది. ఊరు దాటాక నేను ఇసుక కోసం చూస్తున్నాను, అమ్మ మాత్రం చెట్లే చూస్తోంది. కాసేపటికి, "ఏమిరా, ఇవన్నీ జమ్మిచెట్లే కదా" అంది. నిజమే. చేల మధ్య, దున్నిన సాళ్లను ఆనుకుని, మైళ్ల తరబడి జమ్మిచెట్లు. దాన్ని అక్కడ ఖేజ్డీ అంటారు. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ జమ్మే. దసరా రోజు ఆకులు తెంపి బంగారమని చేతిలో పెడతామే, ఆ చెట్టు అక్కడ నిజంగానే బంగారం. ఆకు మేకలకీ ఒంటెలకీ మేత, కాయ మనుషులకు కూర, నీడలో సజ్జ పండుతుంది. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్లో ఈ చెట్లు కొట్టడానికి రాజుగారి మనుషులొస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి ఆడమనిషి చెట్టును కావలించుకుని ప్రాణం వదిలింది. ఆమె వెనక మొత్తం 363 మంది చనిపోయారు. ఏమీ లేని నేల కోసం ఎవరైనా అలా ప్రాణాలిస్తారా?

ఓసియాన్ జోధ్‌పూర్ నుంచి అరవై అయిదు కిలోమీటర్ల దూరం. చిన్న స్టేషన్, మాతోపాటు దిగినవాళ్లలో ఎక్కువమంది సచియా మాత గుడికి వచ్చినవాళ్లే. ఒకప్పుడు దీని పేరు ఉపకేశపురం, పెద్ద వ్యాపార పట్టణం. దేశమంతా ఉన్న ఓస్వాల్ జైనులు తమ మూలం ఈ ఊరే అని చెప్పుకుంటారు. మాత గుడి గుట్ట మీద ఉంది. మెట్ల మీద వరసగా రాతి తోరణాలు, ఒక దాని కింద నుంచి ఇంకొకటి కనిపిస్తూ ఉంటాయి. ఈమె మొదట చాముండి అట, బలులు తీసుకునేదట. రత్నప్రభసూరి అనే జైన ఆచార్యుడు వచ్చి అమ్మవారిని ఒప్పించాక బలులు మానేసి తీపి నైవేద్యానికి మారిందని కథ. ఊరు జైనమైనా అమ్మవారిని వదులుకోలేదు, అమ్మవారూ ఊరిని వదల్లేదు. మా అమ్మకి ఈ కథ బాగా పట్టుకుంది. ఊరి మారెమ్మ జాతరలో వేటలు చూసి పెరిగిన మనిషి, గుడి బయట కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కింద ఊళ్లోనే మహావీరుడి గుడి ఉంది. ఎనిమిదో శతాబ్దంలో ప్రతీహార రాజు వత్సరాజు కాలం నాటిదని అక్కడి 956 నాటి శాసనం చెబుతుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం రోడ్డు పక్కనే ఎత్తైన అరుగుల మీదున్న హరిహర ఆలయాలు. అవి కూడా ఎనిమిదో శతాబ్దం వాటి కిందే లెక్క. టికెట్టు లేదు, జనం లేరు. ఒక గోడ గూట్లో బొమ్మ దగ్గర నిలబడిపోయాను. కుడి సగం జటలు, ఎడమ సగం కిరీటం, ముఖం మధ్యలో గీత ఏమీ లేదు. శివుడు ఎక్కడ ఆగాడో విష్ణువు ఎక్కడ మొదలయ్యాడో ఆ పెదవుల మీద వెతికితే దొరకదు. మన తిక్కనగారు హరిహరనాథుణ్ణి కొలిచింది పదమూడో శతాబ్దంలో. అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందే ఈ ఇసుక ఊళ్లో ఒక శిల్పి ఆ ఇద్దరినీ ఒకే రాతిలో కలిపేశాడు. రాళ్లు అరిగిపోయాయి, కొన్ని బొమ్మలకి ముక్కులు లేవు, అరుగు మీద ఒక మేక పడుకుని ఉంది.

మధ్యాహ్నం భోజనంలో కేర్ సాంగ్రీ పెట్టారు. సాంగ్రీ అంటే ఎండబెట్టిన జమ్మికాయలు, కేర్ అంటే అక్కడి ముళ్లపొద కాయలు. రెండూ కలిపి నూనెలో, ఎండుమిరపకాయలతో, కాస్త పుల్లగా చేస్తారు. "ఈళ్లు జమ్మికాయలు గూడా తింటారా? మనకు ఇన్నాళ్లూ ఎవురూ చెప్పలేదే" అని అమ్మ రెండోసారి వేయించుకుంది. కరువు వచ్చినా ఎండే చెట్టు కాదు కాబట్టి, ఏ పంటా రాని ఏడాది ఇళ్లల్లో ఈ ఎండు కాయలే కూరకి ఆధారం. మా ఊళ్లో బుడ్డలు, అంటే వేరుశనగ, ఎండిపోయిన ఏడాది ఇంట్లో ఏమి మిగిలేదో గుర్తొచ్చి, ముద్ద దిగడానికి కాస్త టైం పట్టింది.

సాయంత్రం దిబ్బలకు వెళ్లాం. ఓసియాన్ దిబ్బలు సమ్ అంత పెద్దవి కావు, అందుకే జనమూ తక్కువ. చెప్పులు విప్పి ఎక్కాం. పైపొర ఇంకా వెచ్చగా ఉంది, మడమ దిగితే కింద చల్లగా తగులుతోంది. గాలి గీసిన గీతలు మడతలు పెట్టిన గుడ్డలా ఉన్నాయి. వాటి మీద ఒక పురుగు నడిచిన జాడ, రెండు వైపులా చుక్కలతో, సన్నని కుట్టులాగా, పొద దాకా పోయి ఆగింది. ఆ పొద ఏమిటో చూడ్డానికి దగ్గరికి పోయాను. జిల్లేడు. మన ఊరి బయట ఎవరూ పట్టించుకోని జిల్లేడు, ఇక్కడ దిబ్బను కదలకుండా పట్టుకునే మొక్కల్లో ఒకటి. సినిమాల్లో చూపించే మొక్క లేని ఇసుక సముద్రం ఈ థార్ ఎడారిలో కొంచెమే. మిగతాదంతా పొద, గడ్డి, చేను, మనిషి. ప్రపంచంలో జనం ఎక్కువగా బతికే ఎడారుల్లో ఇది ఒకటి. సూర్యుడు దిగిపోయాక గొర్రెల మంద ఒకటి మా కింద నుంచి ఇంటికి పోయింది. గంటల చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో రోజు సమ్ కూడా చూశాం, కాదనను, అందమైన దిబ్బలు. కానీ నాలుగు గుడారాల నుంచి నాలుగు రకాల స్పీకర్లు మోగుతుంటే, జీపులు దిబ్బ మీదికి ఎగబాకుతుంటే, అక్కడ ఇసుక ఉంది తప్ప ఎడారి లేదు.

రెండో రోజు మళ్లీ రైలు, రామ్‌దేవరా. పోఖ్రాన్‌కి పన్నెండు కిలోమీటర్ల ముందు. పోఖ్రాన్ పేరు వినగానే మనకు 1974, 1998 అణు పరీక్షలే గుర్తొస్తాయి, ఆ చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఆ పేరుకంటే బాబా రామ్‌దేవ్ పేరు పెద్దది. ఈయన తన్వర్ రాజపుత్రుల ఇంట పుట్టి కూడా, అందరూ దూరం పెట్టిన అంటరానివాళ్లతోనే కలిసి కూర్చున్న మనిషి. హిందువులకి కృష్ణుడి అవతారం, ముస్లింలకి రామ్ షా పీర్. మక్కా నుంచి అయిదుగురు పీర్లు ఈయన్ని పరీక్షించడానికి వచ్చి, మా గిన్నెల్లో తప్ప తినం, అవి మక్కాలో ఉండిపోయాయి అన్నారట. ఆయన ఆ గిన్నెల్నే తెప్పించి వడ్డించాడట. అప్పటినుంచి పీర్లకే పీరు అయ్యాడు. ఇప్పుడున్న గుడి 1931లో బికనేర్ మహారాజు గంగాసింగ్ కట్టించింది, లోపల ఉన్నది సమాధి. దాని దగ్గరే డాలీ బాయి సమాధి. ఆమె మేఘ్‌వాల్ కులం మనిషి, ఆయన శిష్యురాలు. అక్కడ ఒక రాతి కడియం ఉంది, డాలీ బాయి కంకణం అంటారు. దాని సందులోంచి వంగి, పాకి దూరి అవతలికి రావాలి. మా ముందు తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన భుజం ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పుకుంటూ దూరాడు. ఎంత పెద్ద కులంవాడైనా ఆ దళిత ఆడమనిషి పేరున్న రాతి కింద మోకాళ్ల మీద పాకాల్సిందే. ఆ ఒక్క దృశ్యం కోసం నేను మళ్లీ ఆ ఊరికి పోతాను.

అమ్మకి మాత్రం అక్కడ ఎవరూ ఏమీ వివరించాల్సిన పని పడలేదు. "గూగూడు కుళ్లాయిస్వామి మాదిరే కదరా" అని తనే తేల్చేసింది. నార్పల దగ్గర గూగూడులో మొహర్రం రోజుల్లో లక్షలమంది హిందువులు పీర్లకు మొక్కడం, అగ్నిగుండం తొక్కడం చూసినవాళ్లకి రామ్‌దేవరా పరాయి ఊరెలా అవుతుంది? ఆయనకి గుడ్డతో కుట్టిన గుర్రాలు సమర్పిస్తారు. అమ్మ ఒక చిన్నది మొక్కి అక్కడ పెట్టి, ఇంకోటి ఇంటికి తీసుకుంది. ఆమెకు హిందీ రాదు, అమ్మినామెకు తెలుగు రాదు, బేరం మాత్రం చక్కగా జరిగింది.

జైసల్మేర్ కోట గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను పొడిగించను. 1156లో రావల్ జైసల్ మొదలుపెట్టినది, పసుపు రాయి, సాయంత్రం ఎండకి నిజంగానే బంగారు రంగు. 2013 నుంచి రాజస్థాన్ కొండకోటలతో పాటు యునెస్కో జాబితాలో ఉంది. లోపల ఇప్పటికీ కాపురాలున్నాయి. నాకు కావాల్సింది ఆ కోట గోడల కింద తడి. ఎనిమిది వందల ఏళ్లు బిందెలతో మోసుకొచ్చిన నీళ్లతో నిలబడిన కోట, ఇంటింటికీ పైపులొచ్చి మురుగు నేలలోకి ఇంకడం మొదలయ్యాక కదిలింది. కింద ఉన్న మట్టి నానింది, కొన్ని బురుజులు కూలాయి. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దాని పేరు చేరింది. పైపు వద్దని ఎవరూ అనకూడదు, బిందె మోసేది ఎప్పుడూ ఆడవాళ్లే. నేననేది, ఆ నేలకి నీళ్లతో ఉన్న లెక్క చాలా సున్నితమైనది, బయటినుంచి వచ్చిన ఇంజనీర్లు ఆ లెక్క అడగలేదు అని.

ఆ లెక్క ఎంత లోతైనదో మాటల్లోనే తెలుస్తుంది. అక్కడివాళ్లు నీళ్లని మూడు రకాలుగా చెప్తారు. పాలర్ పాణీ అంటే వాన నీళ్లు, చెరువులోనో, ఇంటి ముందు నేలలో కట్టుకున్న టాంకా అనే తొట్టిలోనో నేరుగా పట్టుకునేవి. పాతాళ పాణీ అంటే లోతైన బావి నీళ్లు, చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఈ రెండింటికీ మధ్య మూడోది, రేజాణీ పాణీ. ఇసుకలో ఇంకిన వాన, కింద జిప్సం పొర ఉన్నచోట పాతాళానికి దిగకుండా చెమ్మగా ఆగిపోతుంది. దాని కోసం మనిషి మాత్రమే పట్టేంత సన్నని బావి తవ్వుతారు, కుంయీ అంటారు. లోపల వేడికి ఉక్కిరిబిక్కిరి కాకుండా పైనున్నవాళ్లు గుప్పెళ్లతో ఇసుక విసురుతుంటారు, ఆ ఇసుకతో పాటు చల్లగాలి దిగుతుందని. రోజంతా ఊరితే రెండు మూడు బిందెలు. ఆ రెండు మూడు బిందెలతోనే ఇల్లు గడుపుకున్నారు.

ఇది విన్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. మా చేలో ఆరు బోర్లు వేయించారు. ఒక్కోటి ఒక్కో అప్పు. ఆఖరిది ఎనిమిది వందల అడుగులు దిగి తెల్లటి పొడి తప్ప ఏమీ రాలేదు. బోరు లారీ వెళ్లిపోయాక నాన్న ఆ పొడి కుప్ప పక్కనే కూర్చుండిపోయారు, నేను టార్చి పట్టుకుని అన్నానికి పిలవడానికి వెళ్లాను. జైసల్మేర్‌లో ఏడాదికి రెండొందల మిల్లీమీటర్ల లోపు వాన. మా దగ్గర అయిదొందల యాభై దాకా. వాళ్లకంటే రెండున్నర రెట్లు పైన ఆకాశం నుంచి పడుతుంటే వదిలేసి, వాళ్లు ఆఖరుగా లెక్కపెట్టే పాతాళం నీళ్లనే మేము మొదట తవ్వుకున్నాం. ఎవరూ మాకు వేరే దారి చెప్పలేదు, అప్పులు మాత్రం ఇచ్చారు.

వేరే దారి ఏమిటో కుల్‌ధరా దగ్గర చూశాను. జైసల్మేర్‌కి పదిహేడు పద్దెనిమిది కిలోమీటర్లు. పాలీవాల్ బ్రాహ్మణుల ఊరు, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఖాళీ అయింది. దివాన్ సాలిమ్ సింగ్ దౌర్జన్యం భరించలేక ఎనభై నాలుగు ఊళ్లవాళ్లు ఒక్క రాత్రిలో వెళ్లిపోయారని కథ, నీళ్లు తగ్గిపోవడం కారణమని చరిత్ర చదివినవాళ్లు అంటారు. ఇప్పుడు దాన్ని దయ్యాల ఊరని చూపించి వీడియోలు తీస్తున్నారు. నాకు చాలా కోపం వచ్చింది. వాళ్లు ఎడారిలో గోధుమ పండించిన మనుషులు! ఖడీన్ అని ఒక పద్ధతి వాళ్లదే. రాతి నేల మీద పడ్డ వాన జారి వచ్చే పల్లానికి అడ్డంగా పొడుగాటి మట్టికట్ట వేస్తారు. చేనుకి పది పదిహేను రెట్ల నేల మీద వాన ఆ ఒక్క చేలోకి చేరుతుంది. నీళ్లు నిలిచి, ఇంకి, పోయాక ఆ తడిలోనే గోధుమ, శనగ చల్లుతారు. ఇంకో తడి అక్కర్లేదు. కొన్ని ఖడీన్లు ఇప్పటికీ పండుతున్నాయి. మేం చూసిన దాంట్లో శనగ మోకాలి ఎత్తుకి రాలేదు గానీ పచ్చగా, ఒత్తుగా ఉంది. అమ్మ కట్ట దిగి మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కింది. తెరిస్తే ముద్ద విడిపోలేదు. జనవరిలో. వాన వెళ్లిపోయి నాలుగు నెలలైంది.

అక్కడా అంతా బాగుందని చెప్పను. ఇందిరా గాంధీ కాలువ నీళ్లు వచ్చాక చాలా ఖడీన్లు, కుంయీలు వదిలేశారు. బోర్లు వాళ్లూ వేస్తున్నారు. 2024 డిసెంబర్ చివర్లో మోహన్‌గఢ్ దగ్గర ఎనిమిది వందల అడుగుల పైన బోరు దిగుతుంటే నీళ్లు ఒక్కసారిగా ఎగదన్ని బోరు లారీ భూమిలో కూరుకుపోయింది. సరస్వతి నది వచ్చిందని కొందరు దండం పెట్టారు, పంట చేను మాత్రం మునిగింది. ఇక జైసల్మేర్ చుట్టూ ఎటు చూసినా గాలిమరలు, సోలార్ పలకలు, కరెంటు తీగలు. కరెంటు కావాలి, మా అనంతపురంలోనూ అవే ఉన్నాయి. కానీ ఆ తీగలకు తగిలి చస్తున్నది బట్టమేక పిట్ట, మన రోళ్లపాడులో దాని కోసమే 1988లో అభయారణ్యం పెట్టి కూడా నిలుపుకోలేకపోయిన పిట్ట. ఇప్పుడు దానికి మిగిలిన పెద్ద ఆధారం ఈ జైసల్మేర్ గడ్డి నేలలే. దేవుడి పేరు మీద ఊళ్లు తరాలుగా గొడ్డలి పెట్టకుండా వదిలిన ఓరణ్ భూములు కూడా చాలాచోట్ల రికార్డుల్లో బంజరు కింద ఉన్నాయి. వాటిని గుర్తించి అడవిగా చూడమని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒక నేలని ఖాళీ అని రాసుకున్నాక దాని మీద ఏం చేసినా ఎవరికీ బాధ అనిపించదు. దిబ్బ మీద ఫోటో దిగి "ఇసుకే కదా" అనుకుని వచ్చే మనకూ ఆ రాతలో వాటా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పిల్లలతో అన్ని చోట్ల దిగడం కుదరదు, సెలవు రెండు రోజులే అంటారు. సరే, జైసల్మేర్ వదిలేయండి. జోధ్‌పూర్ నుంచి ఓసియాన్‌కి పొద్దున రైలెక్కితే గుడులు, దిబ్బలు, జమ్మికాయ కూర అన్నీ ఒక్కరోజులో అవుతాయి. రెండో రోజు ఉంటే రామ్‌దేవరా. భాద్రపదంలో మాత్రం జాతర, కాలినడకన జెండాలతో వచ్చే జనంతో కాలు పెట్టే చోటుండదు. చలికాలంలో వెళ్లండి, రాత్రికి దుప్పటి తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక అమ్మ గుడ్డ గుర్రాన్ని దేవుడి గూట్లో పెట్టి, ఖడీన్ గురించి నాన్నకి రెండు రోజులు చెప్పింది. నేను ఫోటోలు చూపించాను. ఆయన కోట ఫోటోలు తొందరగా జరిపేసి కట్ట ఫోటో దగ్గర ఆగారు, వేళ్లతో పెద్దది చేసి చూశారు.

"కట్ట ఎంత ఎత్తుందిరా? అలుగు ఏ పక్క పెట్టినారు?"

అలుగు రాతితో ఒక చివర ఉంది, అది చూశాను. ఎత్తు కొలవలేదు. ఆగస్టులో అక్కడ వాన పడి కట్టలో నీళ్లు నిలిచినప్పుడు మళ్లీ పోతున్నాం, ఈసారి ముగ్గురం. టేపు నాన్నే తెస్తానన్నారు.